చిన్న జూనియర్ హై స్కూల్, లెక్కల్లో 31 శాతం: పాపని చేర్పించొచ్చా?

పాపవాళ్ళమ్మ (ప్రశ్న)

నమస్తే అండీ. ఇన్నాళ్ళూ చదివి వెళ్ళిపోవడమే కానీ ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. ఈసారి తప్పడం లేదు.

మా ఆయన ఉద్యోగం మారడంతో జూన్‌లో ఊరు మారుతున్నాం. అమెరికాలోనే, రెండు రాష్ట్రాల అవతల. పాప ఆగస్టులో 7వ తరగతికి వస్తుంది. మేం చూసుకున్న ఇంటికి వచ్చే స్కూల్ ఒక జూనియర్ హై. 7, 8 తరగతులే ఉంటాయి, మొత్తం పిల్లలు 112 మంది. ఇప్పుడు పాప చదివే మిడిల్ స్కూల్లో ఒక్క 6వ తరగతిలోనే ఇంతకు రెట్టింపు ఉన్నారు.

వారం రోజులుగా పాప పడుకున్నాక ఆ రాష్ట్రం వాళ్ళ స్కూల్ రిపోర్ట్ కార్డ్ పేజీ తెరిచి కూర్చుంటున్నాం. చూసిన కొద్దీ టెన్షన్ పెరుగుతోంది తప్ప ఏమీ తేలడం లేదు.

8వ తరగతి లెక్కల్లో "ప్రొఫిషియెంట్", అంటే రాష్ట్రం పరీక్షలో సరిపడా స్థాయి అందుకున్న పిల్లలు, 31 శాతం. అంతకు ముందు ఏడాది 48. ఒక్క ఏడాదిలో 17 పాయింట్లు పడిపోయింది. మా ఆయన దాన్ని ఎక్సెల్‌లో గ్రాఫ్ వేసి, గీత కిందికి దిగిన చోట ఎర్ర రంగు కూడా పూశారు. రోజూ అదే చూపిస్తున్నారు.

పిల్లల వివరాలు ఇలా ఉన్నాయి: వైట్ 63 శాతం, హిస్పానిక్ 24, రెండు మూడు జాతులు కలిసినవాళ్ళు 6, బ్లాక్ 4, ఏషియన్ 3. మార్కుల పట్టికలో ఏషియన్ వరసలో అంకె లేదు, స్టార్ గుర్తు మాత్రం ఉంది. అంటే 3 శాతం మందికి మార్కులే రాలేదా?

ఇంకోటి. ఒక పేజీలో "తక్కువ ఆదాయ కుటుంబాలు 100 శాతం" అని ఉంది, ఇంకో పేజీలో 41 అని ఉంది. ఒకే స్కూల్, ఒకే సంవత్సరం.

పాతిక నిమిషాల దూరంలో ఇంకో స్కూల్ ఉంది. 900 మంది పిల్లలు, లెక్కల్లో 64 శాతం. అక్కడ ఇల్లు తీసుకుంటే అద్దె చాలా ఎక్కువ, మా ఆయన ఆఫీసు కూడా దూరమే. అయినా ఆయన "పిల్ల చదువు కన్నా ఎక్కువా" అంటున్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. కానీ ఈ చిన్న స్కూల్ ఫోటోలు చూస్తే నాకెందుకో నచ్చింది.

మీ పిల్లలు ఎవరైనా ఇలాంటి చిన్న స్కూల్లో, మనవాళ్ళు ఒకరో ఇద్దరో ఉన్న చోట చదివారా? కాస్త చెప్పండి.

హైవే_బాటసారి

ఇందులో ఆలోచించేది ఏముంది అండీ? 31 ఎక్కడ, 64 ఎక్కడ. అంకెలు అబద్ధం చెప్పవు. మేం స్కూల్ రేటింగ్ పదికి 8 దాటిన చోటే ఇల్లు చూశాం, రేపు అమ్ముకునేటప్పుడు కూడా అదే పనికొస్తుంది. ఒక ఏడాది అద్దె ఎక్కువైతే అయింది. ఆల్ ది బెస్ట్.

లెక్కల_టీచరమ్మ

అంకెలు అబద్ధం చెప్పవు, ఒప్పుకుంటాను. కానీ శాతం అంటే భిన్నం. పైన ఎంత, కింద ఎంత అని అడక్కుండా ఏ భిన్నాన్నీ నమ్మొద్దని నేను పన్నెండేళ్ళ పిల్లలకి రోజూ చెప్తుంటాను. పెద్దవాళ్ళకి చెప్పడానికి మొహమాటం ఎందుకు?

నేను ఇక్కడే ఒక జూనియర్ హైలో తొమ్మిదేళ్ళుగా లెక్కలు చెప్తున్నాను. మా బడి మీరు చెప్పినదానికన్నా కాస్త పెద్దది, 140 చిల్లర. కాబట్టి ఇది నా రోజువారీ గోలే, కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక ఉంటే చదవండి.

రెండేళ్ళ కిందట మా 8వ తరగతిలో 66 మంది. అందులో ఒక అబ్బాయి, ఏ లెక్క అయినా కాగితం ముట్టకుండా నోటితో చేసేసేవాడు. రాష్ట్రం పరీక్ష రోజే వాడికి ట్రాక్ మీట్ (పరుగు పందేలు), బస్సు పదకొండున్నరకి. గంటన్నర పరీక్షని పదకొండు నిమిషాల్లో క్లిక్కులు కొట్టేసి ల్యాప్‌టాప్ మూత వేశాడు. నేను గది వెనక నిలబడి చూస్తూనే ఉన్నాను. పరీక్ష జరుగుతుండగా "మళ్ళీ చూసుకో నాయనా" అనడానికి వీల్లేదు. వాడు షూ లేసులు బిగించుకుంటూ నన్ను చూసి నవ్వాడు కూడా. ఆ పదకొండు నిమిషాల విలువ మా స్కూల్ శాతంలో ఒకటిన్నర పాయింటు. 8వ తరగతిలో 300 మంది ఉన్న స్కూల్లో అదే పిల్లవాడు అదే పని చేస్తే పాయింటులో మూడో వంతు. ఎవరికీ తెలియదు.

మీ స్కూల్లో మొత్తం 112 అంటే 8వ తరగతిలో యాభై చిల్లర ఉంటారు. ఒక్కో పిల్లకి దాదాపు రెండు పాయింట్లు. చెప్పే టీచరు, పుస్తకం, పద్ధతి ఏమీ మారకపోయినా ఆ ఏడాది తరగతిలో ఎవరున్నారు, ఎవరు ఊళ్ళోకి వచ్చారు, ఎవరు వెళ్ళిపోయారు అన్నదాన్ని బట్టే పది పాయింట్లు ఊగుతుంది. మీవారి ఎర్ర రంగు గీతలో కొంత ఆ ఊగుడే.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. 2000ల మొదట్లో ఇక్కడ చిన్న స్కూళ్ళ మోజు ఒకటి నడిచింది. మంచి మార్కుల జాబితాలో పైన ఎక్కువగా చిన్న స్కూళ్ళే కనిపిస్తున్నాయని, పెద్ద స్కూళ్ళని చిన్నవిగా విడగొట్టడానికి గేట్స్ ఫౌండేషన్ లాంటి సంస్థలు బోలెడు డబ్బు పెట్టాయి. హోవర్డ్ వైనర్ అనే గణాంక శాస్త్రజ్ఞుడు 2007లో ఆ జాబితా అడుగు భాగం చూపించాడు: అక్కడా చిన్న స్కూళ్ళే ఎక్కువ. జనాభా తక్కువ ఉన్న కౌంటీల్లో కిడ్నీ క్యాన్సర్ రేటు అన్నిటికన్నా తక్కువ కనిపిస్తుంది, అన్నిటికన్నా ఎక్కువా కనిపిస్తుంది. గాలీ నీళ్ళూ కారణం కాదు, మనుషులు తక్కువ కావడమే కారణం. బళ్ళకీ అదే.

ఇప్పుడు ఊగుడుతో సంబంధం లేని సంగతి ఒకటి. ఆ 31 శాతం పక్కన "పరీక్ష రాసినవారు" అని ఇంకో అంకె ఉంటుంది. అది చూశారా? 2015లో వచ్చిన ఫెడరల్ చట్టం, ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ యాక్ట్ ప్రకారం 3 నుంచి 8వ తరగతి దాకా ఏటా రీడింగ్, లెక్కలు పరీక్ష పెట్టాల్సిందే. కానీ 8వ తరగతిలోనే ఆల్జీబ్రా 1 చదివే పిల్లలకి ఒక వెసులుబాటు ఉంది. వాళ్ళు 8వ తరగతి లెక్కల పరీక్షకి బదులు హై స్కూల్ ఆల్జీబ్రా పరీక్ష రాయొచ్చు. టెక్సాస్‌లో అలాగే నడుస్తుంది, ఇంకా కొన్ని రాష్ట్రాల్లోనూ. అంటే లెక్కల్లో గట్టి పిల్లలంతా ఆ కుప్పలోంచి లేచి వేరే కుప్పలో కూర్చుంటారు. మిగిలిన వాళ్ళ శాతం మాత్రమే "8వ తరగతి లెక్కలు" అనే వరసలో పడుతుంది. మీది అలాంటి రాష్ట్రమో కాదో, ఆ స్కూల్లో ఆల్జీబ్రా ఉందో లేదో ముందు చూడండి.

స్టార్ గుర్తు గురించి. మార్కులు రాక కాదమ్మా. 112లో 3 శాతం అంటే ముగ్గురు పిల్లలు. ముగ్గురిలో ఎంతమంది పాసయ్యారో వేస్తే ఊళ్ళో అందరికీ ఎవరి మార్కులు ఏంటో తెలిసిపోతుంది. 1974 నాటి ఫెర్పా చట్టం పిల్లల రికార్డులు బయటపెట్టొద్దంటుంది. అందుకని ప్రతి రాష్ట్రం ఒక కనీస సంఖ్య పెట్టుకుని అంతకన్నా తక్కువ ఉంటే దాచేస్తుంది. కాలిఫోర్నియాలో పది మంది లేదా అంతకు తక్కువ ఉంటే పరీక్ష ఫలితం చూపించరు, స్కూళ్ళకి రంగులతో గ్రేడు ఇచ్చే డ్యాష్‌బోర్డ్ పేజీలో రంగు పడాలంటే 30 మంది ఉండాలి. ఒక్క గడి దాస్తే మిగతావి మొత్తంలోంచి తీసేసి కనుక్కుంటారు కదా, అందుకని ఒక్కోసారి పక్క గడిని కూడా దాస్తారు. చిన్న స్కూల్ రిపోర్ట్ కార్డ్ అంటే సగం స్టార్లే, ఆకాశంలా ఉంటుంది.

ఆ ఏషియన్ గడి గురించి కూడా ఒక మాట. అంకె కనబడినా మీ పాప గురించి పెద్దగా ఏమీ తెలిసేది కాదు. ఫెడరల్ లెక్కల్లో జాతుల గడులు ఏడే. తెలుగు పిల్ల, చైనా పిల్ల, యుద్ధం తప్పించుకుని లావోస్ నుంచి వచ్చిన హ్మాంగ్ తెగ కుటుంబం పిల్ల, అందరూ ఏషియన్. హిస్పానిక్ అని గీత పెడితే జాతి ఏదైనా ఆ పిల్ల హిస్పానిక్ గడిలోకే వెళ్తుంది.

100, 41 రెండూ నిజమే. స్కూల్లో ఉచిత భోజనానికి అర్హత ఉన్నవాళ్ళ సంఖ్యనే ఇన్నేళ్ళూ పేదరికానికి కొలతగా వాడుతూ వచ్చారు. ఆదాయం పేదరిక రేఖకు 130 శాతం లోపుంటే ఉచితం, 185 లోపుంటే తగ్గింపు ధర. 2010లో వచ్చిన చట్టంతో, పేద కుటుంబాలు తగినంతమంది ఉన్న స్కూల్ ఫారాలేవీ అడక్కుండా అందరికీ ఉచితంగా పెట్టొచ్చు. ముందు ఆ గీత 40 శాతం దగ్గర ఉండేది, 2023లో 25కి దించారు. అలాంటి స్కూల్లో డాక్టర్ గారి అబ్బాయి కూడా ఉచితంగానే తింటాడు, కాబట్టి ఒక పట్టికలో 100 పడుతుంది. 41 బహుశా స్నాప్ (ప్రభుత్వం తిండి ఖర్చుకిచ్చే సాయం) లాంటి సహాయం అందుకుంటున్న కుటుంబాల పేర్లు నేరుగా సరిపోల్చగా వచ్చిన అంకె. మీరు 41నే నమ్మండి. దానికి కొంచెం పైన అంచులో బతికేవాళ్ళు అందులో కనబడరని మాత్రం గుర్తుంచుకోండి.

ఇదంతా ఎందుకంటే, 31కీ 64కీ మధ్య తేడాలో పెద్ద భాగం ఈ 41లోనే ఉండొచ్చు. 1966లో కోల్మన్ నివేదిక అప్పుడే చెప్పింది, పిల్లల మార్కులు స్కూల్‌కున్న వసతుల కన్నా ఇంటి పరిస్థితినే ఎక్కువ అంటిపెట్టుకుని ఉంటాయని. స్టాన్‌ఫర్డ్‌లో షాన్ రియర్డన్ బృందం దేశమంతటి 3 నుంచి 8 తరగతుల పరీక్షలు పోగేసి చూస్తే సగటు మార్కులు కుటుంబాల ఆర్థిక స్థితిని బట్టే ఎక్కువగా నడిచాయి. ఏటా పిల్లలు ఎంత ఎదుగుతున్నారన్నది మాత్రం దాన్ని అంతగా అనుసరించలేదు. పేద జిల్లాల్లో బాగా ఎదిగినవీ ఉన్నాయి, డబ్బున్న జిల్లాల్లో ఈడ్చుకుంటూ నడిచినవీ ఉన్నాయి. కాబట్టి మీ రిపోర్ట్ కార్డ్‌లో "గ్రోత్" అనే పేజీ వెతకండి. పోయిన ఏడాది ఇవే మార్కులు వచ్చిన పిల్లలతో పోలిస్తే వీళ్ళు ఎక్కడున్నారో చెప్తుంది. 50 అంటే మధ్యస్థం. చిన్న స్కూల్లో అదీ ఊగుతుంది, మూడేళ్ళవి పక్కపక్కన పెట్టుకుని చూడండి.

నన్నడిగితే మార్కులకన్నా ముందు గైర్హాజరు చూస్తాను. బడి రోజుల్లో పదో వంతు, అంటే 180లో 18 రోజులు రాని పిల్లల శాతం వేస్తారు. అది పెద్దగా ఉంటే నాకు భయం. సోమవారం మొదలుపెట్టిన పాఠం బుధవారం మళ్ళీ మొదలుపెట్టాలి, వచ్చిన పిల్లలు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు.

విద్యార్థి-టీచర్ నిష్పత్తి చూసి మాత్రం మురిసిపోకండి. అందులో స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్లూ కలుస్తారు. 11:1 అని రాసి ఉన్న మా బడిలో నా మూడో పీరియడ్‌లో 27 మంది.

నిద్రలేని_నాన్న

టీచరమ్మ గారు చెప్పినవన్నీ నిజమే కావచ్చు. కానీ చిన్న స్కూల్‌కి ఇంకో వైపు ఉంది, అది ఏ పట్టికలోనూ ఉండదు.

మా బాబు 130 మంది ఉన్న స్కూల్లో చదివాడు. మేం చేరినప్పుడు అన్నీ బాగానే ఉన్నాయి. 7వ తరగతి లెక్కలకి ఒకే టీచర్. చాలా మంచావిడ. జనవరిలో వాళ్ళాయనకి వేరే చోట ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయారు. ఆవిడ తప్పేం లేదు. కానీ జనవరి నుంచి మే వరకు నలుగురు సబ్‌స్టిట్యూట్లు మారారు. వాళ్ళలో ఒకాయన సంగీతం టీచర్. మా బాబు రోజూ అదే వర్క్‌షీట్ ఇంటికి తెచ్చేవాడు, ఒక రోజు తేదీ మాత్రం మార్చి ఉంది. పెద్ద స్కూల్లో అయితే మిగతా ఇద్దరు ముగ్గురు టీచర్లు ఆ పిల్లల్ని పంచుకునేవాళ్ళు. ఇక్కడ పంచుకోవడానికి ఎవరూ లేరు. ఆ వేసవి అంతా నిష్పత్తులు, రుణ సంఖ్యలు నేనే చెప్పాల్సి వచ్చింది, ఇద్దరికీ రోజూ గొడవే.

కాబట్టి శాతాలు పక్కన పెట్టండి. లెక్కలకి ఎంతమంది టీచర్లు, ఎన్నేళ్ళ నుంచి ఉన్నారు అని అడగండి.

ఇంకో విషయం, స్కూల్‌లో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఫారం ఇస్తారు. మా ఆవిడ గర్వంగా తెలుగు అని రాసింది. రెండో వారంలో బాబుకి ఇంగ్లీష్ పరీక్ష పెట్టారు! ఇక్కడే పుట్టినవాడు. రాయొద్దని కాదు, ఫోన్ వస్తే కంగారు పడకండి.

లెక్కల_టీచరమ్మ

@నిద్రలేని_నాన్న గారూ, టీచర్ వెళ్ళిపోయిన మాట నూటికి నూరు పాళ్ళూ నిజం. నేను సెలవు పెడితే మా బడిలో 8వ తరగతి లెక్కలు ఆ రోజుకి లేనట్టే. నేనూ ఆ సంగతి రాయాల్సింది.

భాష ఫారం సంగతి: అబద్ధం రాయకండి. ఆ పరీక్ష పాసైతే అక్కడితో అయిపోతుంది. పాస్ కాకపోతే చదువు మొదలైన 30 రోజుల్లో ఇంటికి ఉత్తరం రావాలి. పట్టికలో "ఇంగ్లీష్ లెర్నర్స్" వరస, అంటే ఆ పరీక్ష పాస్ కాక ఇంకా ఇంగ్లీష్ నేర్చుకుంటున్న పిల్లల వరస, ఎప్పుడు చూసినా తక్కువగా ఉండటానికి కారణం కూడా ఇక్కడే ఉంది. భాష వచ్చేసిన పిల్లలు ఆ గుంపులోంచి బయటికి వెళ్తారు, కొత్తవాళ్ళు వచ్చి చేరతారు. బాగా నేర్చుకున్నవాళ్ళంతా లేచి వెళ్ళిపోయిన తరగతికి సగటు తీసినట్టు. అందుకే బయటికొచ్చిన పిల్లల్ని కూడా నాలుగేళ్ళ దాకా ఆ లెక్కలో కలుపుకోవచ్చని చట్టం ఒప్పుకుంది.

ఐదోవాడు

పెద్దవాళ్ళ మధ్య మాట్లాడుతున్నాను, ఏమనుకోకండి. నా వయసు 26. ఆంటీ అడిగిన చివరి ప్రశ్నకి జవాబు నా దగ్గర ఉంది, ఎందుకంటే నేను ఆ స్టార్ గుర్తునే. మా జూనియర్ హైలో రెండేళ్ళూ ఏషియన్ పిల్లలు ఇద్దరం. నేనూ, ఇంకో ఫిలిప్పీన్స్ అమ్మాయీ.

మంచి ముందు చెప్తాను. నేను పరిగెత్తలేను. ఇప్పుడూ లేను. కానీ క్రాస్ కంట్రీలో (పొలాలూ గట్లమీద దూరం పరుగు పందెం) జట్టుకి స్కోరు రావాలంటే ఐదుగురు గీత దాటాలి, నలుగురే ఉంటే జట్టే లెక్కలోకి రాదు. మా స్కూల్లో పరిగెత్తేవాళ్ళు నలుగురే దొరికారు. కోచ్ సైన్స్ పీరియడ్‌లో నా బెంచీ దగ్గర నిలబడి "నడిచినా పర్లేదు, చివరిదాకా వస్తే చాలు" అన్నాడు. రెండు సీజన్లు నేను ఐదోవాడిని. మిగతా నలుగురూ గీత దగ్గర నీళ్ళు తాగేసి, బట్టలు మార్చుకుని, మళ్ళీ వెనక్కి వచ్చి నాతో పాటు ఆఖరి వంద గజాలు పరిగెత్తేవాళ్ళు. 900 మంది స్కూల్లో నన్ను ఎవరు పిలిచేవాళ్ళు?

చెడ్డ కూడా చెప్పాలి. మా స్కూల్లో 8వ తరగతికి ఆల్జీబ్రా లేదు. ఆరుగురమే సరిపోతామని తేలింది, ఆరుగురి కోసం సెక్షన్ పెట్టలేమన్నారు. హై స్కూల్‌కి వెళ్ళాక వేసవిలో జామెట్రీ ఆన్‌లైన్‌లో చేసి అందుకున్నాను, 12లో కాలిక్యులస్ దాకా వెళ్ళాను. కుదిరింది, కానీ ఆ వేసవి గుర్తొస్తే ఇప్పటికీ చిరాకే.

ఇంకోటి, స్నేహితుల విషయం. యాభై మందిలో మీ పాపకి నచ్చేవాళ్ళు ఇద్దరు దొరికితే అదృష్టం. ఆ ఇద్దరితో గొడవ అయితే వెళ్ళి కూర్చోవడానికి ఇంకో బల్ల ఉండదు. నాకు 7వ తరగతి ఫిబ్రవరి అంతా లైబ్రరీలో గడిచింది. మా అమ్మకి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. మార్కులు బాగానే వచ్చాయి కదా మరి.

పాపవాళ్ళమ్మ

అందరికీ థాంక్స్ అండీ. మూడు వారాలు ఆలస్యంగా రాస్తున్నాను, ఇల్లు చూడటానికి వెళ్ళి స్కూల్ కూడా చూసి వచ్చాం.

టీచరమ్మ గారూ, ముందు మీకు చెప్పాలి. మీరు రాసిన రాత్రే "పరీక్ష రాసినవారు" అంకె చూశాను. 8వ తరగతిలో 54 మంది పిల్లలు. లెక్కల పరీక్ష వరసలో 42 మందే! ఆ పన్నెండు మంది ఎక్కడికి పోయారని కిందికి జరుపుకుంటూ వెళ్తే వేరే పట్టికలో ఆల్జీబ్రా 1 అని ఉంది, 12 మంది, 92 శాతం. అంటే 11 మంది. 42లో 31 శాతం అంటే 13 మంది. రెండూ కలిపితే 24.

తర్వాత అంతకు ముందు ఏడాది చూశాను. అప్పుడు ఆల్జీబ్రా వరసే లేదు. 50 మంది రాశారు, 48 శాతం. అదీ 24 మందే.

మా ఆయన్ని లేపి మరీ చూపించాను. ఆయన కాసేపు స్క్రీన్ వంక చూసి, "అయితే ఆల్జీబ్రా పెట్టినందుకు వీళ్ళ మార్కులు పడిపోయినట్టు కనిపిస్తోందన్నమాట" అన్నారు. ఎర్ర రంగు తీసేశారు. కానీ 54లో 24 కూడా సగానికి తక్కువే కదా అన్నారు. అదీ నిజమే, నేను కాదనలేదు.

స్కూల్లో ప్రిన్సిపాల్ గారు ఆల్జీబ్రా సంగతి ఖాయం చేశారు. పోయిన ఏడాదే మొదలుపెట్టారట. లెక్కలకి ఇద్దరు టీచర్లు, 7కి ఒకరు, 8కి ఒకరు. 8వ తరగతి ఆయన పద్నాలుగేళ్ళుగా అక్కడే ఉన్నారు. 7వ తరగతి ఆవిడకి ఇది రెండో ఏడాది. నిద్రలేని నాన్న గారి మాట గుర్తొచ్చి "ఆవిడ వెళ్ళిపోతే?" అని అడిగేశాను. మా ఆయన నా చెయ్యి గిల్లారు. ప్రిన్సిపాల్ గారు నవ్వలేదు, "అప్పుడు నేను చెప్తాను, నేను పదేళ్ళు లెక్కలే చెప్పాను" అన్నారు. ప్రిన్సిపాల్ గారి టేబుల్ మీద 7వ తరగతి లెక్కల పుస్తకం ఉంది, మధ్యలో పెన్సిల్ పెట్టి. మా కోసం పెట్టింది కాదనే అనుకుంటున్నాను.

గైర్హాజరు 22 శాతం. ఇది నాకు నచ్చలేదు. అడిగితే ఆవిడ కూడా నచ్చలేదనే అన్నారు. చలికాలంలో బస్సు దూరాలు ఎక్కువ ఉన్న పిల్లలే అందులో ఎక్కువట.

గ్రోత్ మూడేళ్ళది: 47, 58, 51. పెద్ద స్కూల్‌ది 49, 50, 48. దీన్ని ఏమనుకోవాలో మీరే చెప్పండి.

ఐదోవాడు బాబూ, నీ ఉత్తరం పాపకి చదివి వినిపించాను, ఫిబ్రవరి ముక్క తప్ప. అది నేను మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. మీ అమ్మకి చెప్పు నాన్నా, ఇప్పుడైనా. పాప అడిగింది, "వాళ్ళకి ఇప్పుడు కూడా ఐదుగురు కావాలా" అని.

ఇంకా ఏదీ తేల్చుకోలేదు. ఇంటి ఓనర్ శుక్రవారం దాకా టైమ్ ఇచ్చారు. ఒక చిన్న ప్రశ్న మిగిలింది: చేరేటప్పుడు లెక్కల్లో ప్లేస్‌మెంట్ టెస్ట్ పెడతారట, అందులో బాగా చేస్తే 8లో ఆల్జీబ్రాకి దారి ఉంటుందట. పాపకి ఏం చదివించమంటారు?

లెక్కల_టీచరమ్మ

42 కనిపెట్టారు చూడండి, మా పిల్లలకి చెప్పుకుంటాను ఈ కథ. 24, 24 అయితే నేనూ ఊహించలేదు.

గ్రోత్ రెండూ ఒకటే అనుకోండి. 58 చూసి మురవకండి, 47 చూసి భయపడకండి. పెద్ద స్కూల్ 64 శాతం ఉన్నా పిల్లల్ని ముందుకు తోయడంలో వీళ్ళకన్నా ఎక్కువేం చేయడం లేదు, అంతవరకు చెప్పొచ్చు. 22 శాతం గైర్హాజరు మాత్రం నేనూ తేలిగ్గా తీసుకోను. మీ పాప కూర్చునే క్లాసులో అది ఎలా ఉందో సెప్టెంబర్ చివర్లో అడగండి.

ప్లేస్‌మెంట్‌కి కొత్త పుస్తకాలేవీ కొనొద్దు. భిన్నాల భాగహారం, నిష్పత్తులు, రుణ సంఖ్యల కూడికలు తీసివేతలు. ఈ మూడూ కాలిక్యులేటర్ లేకుండా, మాటల్లో ఇచ్చిన లెక్కల రూపంలో చేయించండి. తప్పు చేస్తే జవాబు చెప్పకుండా "ఎలా చేశావు" అని అడగండి. రోజుకి ఇరవై నిమిషాలు చాలు. మీవారిని దూరంగా కూర్చోబెట్టండి.

ఐదోవాడు

కోచ్‌లు మారినా నియమం మారలేదు ఆంటీ, ఇప్పుడూ ఐదుగురే. ప్రాక్టీస్ ఆగస్టులో బడి తెరవకముందే మొదలవుతుంది, చేరాలంటే ముందు డాక్టర్ దగ్గర ఫిజికల్ ఫారం నింపించుకోవాలి. అది మర్చిపోతే మొదటి రెండు వారాలు గట్టు మీద కూర్చోవాల్సి వస్తుంది. నేను కూర్చున్నాను.